క్షురశిల: మన వృత్తిలో సానరాతి చరిత్రము

ప్రత్యేక సంచికకు మన కులచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు కోరిరి. మన చరిత్రము వ్రాయబూనినవారు తరచుగా నందరాజులతో ప్రారంభింతురు. నందవంశమునకు నాపితుడు మూలపురుషుడని జైనగ్రంథములును, నందరాజు తండ్రి క్షురకుడని కర్టియసు అను రోమను చరిత్రకారుడును చెప్పియుండుట నిజమే. కాని రాజ్యములు పోయినవి. మన యిండ్లలో మిగిలినది అడపమును, అందులోని కత్తియును, ఆ కత్తికి ప్రాణమైన సానరాయియును. అవియు నేడు మన కన్నులయెదుటనే పోవుచున్నవి. కావున నేను రాజులను విడిచి రాతిని గూర్చి వ్రాయదలచితిని.

మాది మఠంపల్లి ప్రాంతము. పూర్వము నల్లగొండ జిల్లాలోనిదై, 2016 నుండి సూర్యాపేట జిల్లాలో చేరియున్నది. ఈ మండలముననే కృష్ణాతీరమందు మట్టపల్లి లక్ష్మీనృసింహస్వామి క్షేత్రము వెలసియున్నది. అచ్చట తలనీలాలు సమర్పింప వచ్చు భక్తుల సేవయే మా వంశమువారికి చిరకాలముగా జీవనాధారము. నేను సంస్కృతము చదివి, పాఠశాలలో ఉపాధ్యాయుడనై, ఉద్యోగ విరమణమైన పిదపనే కత్తికి పదును పెట్టుట నేర్చితిని. ఈ మాట చెప్పుటకు నాకు కొంత సిగ్గు గలదు. ఆ సిగ్గునకు కారణము ముందు తెలియగలదు.

వేదశాస్త్రములలో క్షురము

క్షురమను మాట ఋగ్వేదము నాటికే కలదు. ఎనిమిదవ మండలమున ఒక ఋషి, కత్తికి పదును పెట్టినట్లు తమకు పదును పెట్టుమని దేవతను ప్రార్థించియున్నాడు. కత్తి యుండుట ఒకటి, దానికి పదును పెట్టు పనిని దైవకార్యముతో పోల్చుట వేరొకటి. ఆ పనిని కన్నులార చూచినవారికే అట్టి పోలిక తోచును. కఠోపనిషత్తు ఆత్మమార్గమును కత్తిధారతో పోల్చిన సంగతి లోకవిదితము.

గృహ్యసూత్రములలో చౌలకర్మ ప్రకరణము మనవారందరును తెలిసికొనవలసినది. శిశువునకు హాని చేయకుమని కత్తినే ప్రార్థించు మంత్రములచ్చట గలవు. తండ్రి కత్తిని తాకి మంత్రములు చెప్పిన పిదప నాపితునకు పని అప్పగించును. అప్పుడు అతనికి చెప్పవలసిన మాటలను ఆశ్వలాయనుడు విధించినాడు: వెచ్చని నీటితో తడిపి, గాయము కానీయక చక్కగా చేయుమని. వెంట్రుకను మెత్తబరచు వెచ్చని నీరు, గాయము చేయని పదునైన ధార అను రెండే మన వృత్తికి మూలసూత్రములు. అమరకోశము నాపితునకు దివాకీర్తి, అంతావసాయి మొదలగు పర్యాయపదములు చెప్పినది. శూద్రవర్గముననే శాణమనియు, నికషమనియు రాతి పేర్లు చెప్పినది. మన తెలుగు ‘సాన’ ఈ శాణశబ్దమునకు తద్భవము.

భిక్షువు సంచిలోని రాయి

సానరాతిని మన పనిముట్లతో కలిపి స్పష్టముగా పేర్కొన్న ప్రాచీన గ్రంథము బౌద్ధుల వినయపిటకము. అందలి చుల్లవగ్గమున బుద్ధభగవానుడు భిక్షువులకు కత్తిని, కత్తిరాతిని, కత్తి ఒరను, కంబళిముక్కను, తక్కిన క్షౌరసామగ్రిని అనుమతించినట్లున్నది. కత్తిరాతిని పాళీభాషలో ‘ఖురసిల’ అందురు. సంస్కృతమున క్షురశిల. ఈ వ్యాసమునకు పేరు అచ్చటినుండియే గ్రహించితిని. భిక్షువునకు ఉండదగిన ఎనిమిది వస్తువులలో కత్తి యొకటి.

ఆ వినయపిటకమును కంఠస్థముగా నిలిపినవాడెవడు? శాక్యుల క్షురకుడైన ఉపాలి. శాక్యకుమారులు తమ గర్వమణచుటకై ఉపాలికే ముందు దీక్ష నిమ్మని వేడి, అతనికి తాము నమస్కరించిరని బౌద్ధగ్రంథములు చెప్పుచున్నవి. బుద్ధనిర్వాణానంతరము రాజగృహమున జరిగిన ప్రథమ సంగీతిలో వినయమును చెప్పినవాడు ఆ ఉపాలియే. మన సూర్యాపేట జిల్లాలోనే ఫణిగిరి గుట్టమీద సాతవాహన, ఇక్ష్వాకుకాలముల నాటి బౌద్ధారామము గలదు. అచ్చట శిరోముండనము చేసికొని నివసించిన భిక్షువులందరికిని కత్తియు, రాయియు కావలసియుండెను గదా. ఆ గుట్ట నెక్కినపుడెల్ల శిల్పములతోపాటు ఈ సంగతియు నాకు జ్ఞప్తికి వచ్చును.

సుశ్రుతుడు చెప్పిన మినుమువన్నె రాయి

శస్త్రచికిత్సకు ఆదిగురువైన సుశ్రుతుడు సూత్రస్థానము ఎనిమిదవ అధ్యాయమున శస్త్రములను వర్ణించినాడు. ధార మందము పనినిబట్టి మారవలెనని అతని మతము. చీల్చు శస్త్రమునకు చిరుసెనగపప్పు పలుచదనము, గీరుదానికి అందులో సగము, పొడుచుదానికి వెంట్రుక మందము, కోయుదానికి అరవెంట్రుక మందము ఉండవలెను. ఉక్కునకు నీరుపెట్టుట క్షారములో, నీటిలో, నూనెలో అని మూడు విధములు. పదును పెట్టుటకు మినుముల వన్నెగల నున్నని రాయి కావలెను. పెట్టిన ధార చెడకుండ ఉంచుటకు బూరుగుపలక కావలెను. శస్త్రము సిద్ధమైనదనుటకు పరీక్ష యేమనగా, అది రోమమును కోయగలుగుట.

నేనీ భాగమును ఇరువదియేండ్ల ప్రాయమున కళాశాలలో చదివితిని. అర్థము చెప్పితిని, పరీక్షలో వ్రాసితిని, మార్కులును పొందితిని. మినుము వన్నెగల నున్నని రాయి మా నాయన అడపములో ఉన్నదని నాకప్పుడు తోచలేదు. ఇదియే నా సిగ్గు. ముంజేతి వెంట్రుకమీద కత్తి నానించి పరీక్షించుట నా తండ్రి ప్రతిదినము ఉదయము చేయుపని. ఆయనకు సంస్కృతాక్షరము రాదు. గ్రంథములో వాక్యమై నిలిచిన విద్య, ఆయన చేతిలో అలవాటై నిలిచియుండెను.

మన పెద్దలు మంగళవాద్యములు వాయించుటయే గాక, నాటువైద్యము, కురుపులు కోయుట మొదలగునవి చేసియుండిరి. మన స్త్రీలు మంత్రసానులై యుండిరి. 1909లో థర్‌స్టను దొర ప్రకటించిన దక్షిణదేశ కులముల గ్రంథమందును ఈ విషయములున్నవి. కావున సుశ్రుతుని రాయి మన యింటికి రాయి యగుటలో వింత లేదు.

తెలంగాణపు ఉక్కు

రాయి యెంత మంచిదైనను ఉక్కు మంచిది కానిచో ధార నిలువదు. ఈ విషయమున మన తెలంగాణము లోకమునకు గురుస్థానమున నుండెను. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో కరగించి తీసిన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చుచుండిరి. వాయిసీ యను దొర దానిని స్వయముగా చూచి వ్రాసిన వర్ణనము 1832లో అచ్చయినది. యూరపువారు దానిని ‘వూట్జు’ అనిరి. అది ‘ఉక్కు’ అను మన దేశపు మాటకే వికృతరూపమని పండితులు చెప్పుదురు. లండనులో శస్త్రములు చేయు స్టోడార్టు అను పనివాడును, మహాశాస్త్రజ్ఞుడైన ఫారడేయును ఆ ఉక్కు రహస్యమును తెలిసికొనవలెనని 1819 మొదలుకొని ప్రయోగములు చేసిరి. ఆ ప్రయోగముల నుండి పుట్టిన ఉక్కుతో క్షురకత్తులు చేయించి ఫారడే తన మిత్రులకు కానుకగా నిచ్చెను. మహాశాస్త్రజ్ఞునికి కానుకగా నిచ్చుటకు కత్తికంటె ఉత్తమమైన వస్తువు తోచలేదన్నమాట.

తరువాతి కాలమున ఇంగ్లాండులోని షెఫీల్డు, జర్మనీలోని సోలింగెను పట్టణముల కత్తులు లోకమంతటను వ్యాపించినవి. మా నాయన కత్తి సోలింగెనుదే. పిడి విరిగిపోగా ఊరి వడ్రంగి చెక్కపిడి వేసి యిచ్చెను.

ఏ రాయి పనికివచ్చును?

మా ప్రాంతమున రాతికి కొదువ లేదు. నేల త్రవ్విన సున్నపురాయియే. ఆ రాతినిబట్టియే సిమెంటు కర్మాగారములు వెలసినవి. ఇండ్లకు పరచుకొను నాపరాళ్లును ఆ జాతివే. నున్నగా నున్నదిగదా యని నాపరాతిమీద కత్తి నూరినచో ఫలమేమి? రాయి అరుగును గాని కత్తి అరుగదు. ఖనిజముల కాఠిన్యమును ఒకటి మొదలు పది వరకు లెక్కించు పద్ధతిలో సున్నపురాతికి మూడు, పలుగురాతికి ఏడు, కురువిందమునకు తొమ్మిది. నీరుపెట్టిన ఉక్కు ఆరు ఏడుల నడుమ నుండును. కావున ఉక్కును కోయవలెనన్న రాతిలో పలుగు రేణువులో, అంతకు మించినవో ఉండవలెను. అవి మిక్కిలి సన్నవై, సమముగా పరచుకొని యుండవలెను. ముతకరేణువొక్కటి యున్నను ధారమీద పన్ను పడును.

ఈ గుణము పలకరాతిలో గలదు. మార్కాపురపు పలకలమీద అక్షరములు దిద్దని తెలుగుబిడ్డ పూర్వము లేడు. బురద నేలలోతున అణగి పలకయగునపుడు అందలి పలుగు రేణువులు మిక్కిలి సూక్ష్మముగా నిలిచిపోవును. జర్మనీలోని థురింగియా దేశపు సానరాళ్లును ఈ పలకజాతివే. బెల్జియములోని ఆర్డెన్ను కొండలలో దొరకు పసుపువన్నె కోటిక్యూల రాతికి అందలి సూక్ష్మమైన గోమేదికజాతి రేణువులే పదును. అమెరికాలో ఆర్కాన్సా ప్రాంతపు రాయి దాదాపు వట్టి పలుగే. దాని శాస్త్రీయనామమైన నొవాక్యులైటు, క్షురమను అర్థముగల లాటిను పదమునుండి వచ్చినది. జపానులో క్యోటో నగర సమీపపు గనుల రాళ్లు ఖడ్గములకును, కత్తులకును పేరొందినవి. ఖమ్మము జిల్లాలో దొరకు కురువిందమును పొడిచేసి లక్కతో కలిపినచో సానచక్రమగును. కాని అది కొడవండ్లకును, కత్తిపీటలకును తగును గాని క్షురమునకు తగదు. చక్రపు వేగమునకు పలుచని ధార వేడెక్కి, ఉక్కుకు పెట్టిన నీరు విరిగిపోవును. ఒకసారి వీధివెంట వచ్చిన సానవానికి మా పినతండ్రి తొందరపడి కత్తి నిచ్చెను. ధారమీద నీలిచాయ వచ్చినది. ఆ కత్తి మరల గడ్డమును కోయలేదు. అది తరువాత తమలపాకుల ఈనెలు తీయుటకు పనికివచ్చినది.

మా నాయన రాయి

1970 ప్రాంతమున, నాకు పదియేండ్ల వయసున, నాయన లేని సమయమున ఆ నల్లరాతిని తీసి గడ్డికోయు కొడవలి నూరితిని. రాతినడుమ వ్రేలిమందము చాలు పడినది. సాయంకాలము నాయన చూచెను. కొట్టలేదు, తిట్టలేదు. వాకిటి బండమీద ఏటియిసుక పోసి, నీళ్లు చల్లి, రాతిని బోర్లించి రుద్దుమని నాకిచ్చెను. మూడు దినములు రుద్దితిని. చేతులు పొక్కినవి. పిదప ఇసుక తీసివేసి మరియొక సన్నరాతితో దానిని నునుపు చేయించెను. రాతిపై బద్ద నానించి వెలుతురునకెత్తి, నడుమ సందు కనబడదని నిశ్చయించుకొని, ఒక్కమాట మాత్రమనెను: “వంకర రాయి వంకర కత్తినే ఇస్తది బిడ్డా. ముందుగాల రాయిని సక్కజెయ్యి, కత్తి సంగతి తర్వాత.” ఆ సంవత్సరమే నన్ను హాస్టలులో చేర్చిరి. చదువులో పడి ఆ మాట మరచితిని.

విరమణమైన పిదప పాత ఇల్లు విప్పుచుండగా, గాలికి తలుపు కొట్టుకొనకుండ అడ్డుపెట్టిన నల్లరాయి నాకంట బడినది. “ఇదెందుకు పెద్దనాయనా, పారేద్దామా?” అని తమ్ముని కుమారుడడిగెను. అతడు పట్టణమున క్షౌరశాల నడుపుచున్నాడు. అతనిని నిందింపను. ఆ రాయి యేమిటో అతనికి చెప్పవలసినవాడను నేనే. నేను చెప్పలేదు. అప్పుడు రాతిని కడిగి, మట్టపల్లిలో కల్యాణకట్టపై అరువదియేండ్లు పనిచేసిన మా మేనమామను ఆశ్రయించి ఈ విద్య నేర్చుకొంటిని. ఆయనకు ఎనుబదియైదేండ్లు. చూపు మందగించినను వ్రేళ్లు మందగింపలేదు.

పదును పెట్టు క్రమము

ఆయన చెప్పినదానిని నా యనుభవముతో కలిపి వ్రాయుచున్నాను. మొదట రాయి చదునుగా నుండవలెను. రాతికి నీరైనను, నూనెయైనను ఒకటే నియమముగా పెట్టవలెను. నూనె త్రాగిన రాతికి మరల నీరు అంటదు. తడిసిన రాతిమీద కత్తిని పడుకోబెట్టవలెను. వెన్నును, ధారయు రెండును రాతికి తాకియుండవలెను. క్షురమును చేసినవాడు వెన్నుకు పెట్టిన మందమే ధారకు కోణమును నిర్ణయించును. కావున మనము కోణమును కల్పింపబోరాదు. వెన్ను లేవనెత్తినవాడు కత్తిని చెరచినవాడు.

పిదప ధార ముందుగా నడుచునట్లు, రాతినుండి పలుచని పొర తీయబోవుచున్నట్లు కత్తిని త్రోయవలెను. రాయి కత్తికంటె వెడల్పు తక్కువ గనుక మడమనుండి మొన వరకు ఏటవాలుగా జరుపుచు పోవలెను. చివరకు వచ్చినపుడు వెన్నుమీద త్రిప్పి, రెండవ ప్రక్కను మరల తోడితేవలెను. ధారమీద త్రిప్పరాదు. బలము పెట్టరాదు. “కత్తి బరువు కత్తికే చాలు, నీ బరువు కలపకు” అని మామయ్య మాట. నేను మొదట నెలదినములు విఫలుడనగుటకు కారణము బలమే. గట్టిగా అదిమినచో పలుచని ధార వంగి, రాతినుండి తప్పించుకొనును. పైకి మెరయును గాని కోయదు. ముతకరాతిపై ధార ఏర్పడిన పిదపనే సన్నరాతికి పోవలెను. మొదటి రాతిపై చేయని పని రెండవ రాతిపై కాదు. సన్నరాతిమీద కొంతసేపటికి నీటిలో బూడిదవన్నె మడ్డి కనబడును. చివరి వరుసలు వట్టి నీటిమీదనే నడపవలెను. పని ముగియు వేళకు కత్తి రాతిని పట్టుకొన్నట్లుండి, చప్పుడు సన్నగిల్లును. చెవియే అచ్చట గురువు.

పిమ్మట తోలుపట్టె. దీనిమీద కత్తి వెన్ను ముందుగా నడువవలెను, ధార వెనుకగా రావలెను. రాతికిది విపర్యయము. మరచినచో తోలు తెగును, ధారయు పోవును. ముప్పది నలుబది పర్యాయములు చాలును. రాయి మాసముల కొకసారి, తోలు ప్రతిదినము. పని ముగిసిన వెంటనే తుడిచి ఆరబెట్టి, చుక్క నూనె రాయవలెను. తడి కత్తికి తుప్పు ఒక్కరాత్రిలోనే పట్టును. సుశ్రుతుని బూరుగుపలక, వినయపిటకపు కంబళిముక్క, మన తోలుపట్టె ఈ మూడింటికిని ధారను కాపాడు కార్యమే అప్పగింపబడినదని నా నమ్మకము.

పదునుకు కలిగిన దుర్దశ

ఇంతటి నేర్పునకు దక్కిన ప్రతిఫలమేమి? కోతలవేళ కళ్లమున కొలిచిన మేర. నిజాముపాలనలో దొరల గడీలలో మనవారు క్షౌరమే గాక, రాత్రివేళ కాళ్లు పిసుకుటయు, దివిటీలు పట్టుటయు వెట్టిగా చేసిరి. 1921లో హైదరాబాదున ఏర్పడిన ఆంధ్రజనసంఘము ఈ వెట్టిని ఖండించుచు ప్రచారము చేసినది. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ ప్రారంభమైనది. 1946 మొదలు జరిగిన సాయుధపోరాటమున మన నల్లగొండ జిల్లాయే ముందు నిలిచి వెట్టిని కూలద్రోసినది. మా నాయన బాల్యమున గడీకి అడపము మోసినవాడు. నా చదువునకు ఆయన పెట్టిన పట్టుదల ఆ మోతనుండి పుట్టినది. అందుచేతనే ఆయన నాకు అక్షరము నేర్పించెను గాని కత్తి నేర్పలేదు. వెట్టిని విడిపించుకొనుచు, దానితోపాటు విద్యనుకూడ విడిచితిమి. ఈ రెండింటిని వేరుచేయుట ఇప్పటి మన కర్తవ్యము.

రెండవ కారణము లోకము మారుట. అమెరికాలో జిలెటు 1903లో మార్చివేయు బ్లేడును అమ్మకమునకు పెట్టినది మొదలు ఇంటింట స్వయంక్షౌరము వ్యాపించినది. 1986లో మన దేశమున హెచ్‌.ఐ.వి. వ్యాధి కనుగొనబడిన పిదప, ఒకరికి వాడిన ధార వేరొకరికి వాడరాదను నియమము బలపడినది. కాలేయమును చెరచు కామెర్ల క్రిమియు రక్తముద్వారా సంక్రమించునదే. క్షౌరశాలలలోను, కల్యాణకట్టలలోను మనిషికొక క్రొత్త బ్లేడు వాడుట ధర్మము. ఈ విషయమున సందేహమునకు తావు లేదు. పాతకత్తిని మరల అందరి గడ్డములమీదికి తెండని నేను చెప్పుటలేదు. ఒక్కని కత్తి ఆ యొక్కనికే యుండవచ్చును. తన గడ్డము తాను చేసికొనుటకు పాతకత్తిని కోరువారు లోకమున నేడును గలరు. వారికి కత్తి పదును పెట్టి యిచ్చుట యూరపు, అమెరికాలలో గౌరవమైన జీవనోపాధి. ఆ విద్య మన యిండ్లలో తలుపునకు అడ్డుగా పడియున్నది.

సభకు మనవి

పోషక మహాశయులారా, సోదరులారా, నా మనవులు మూడు. ప్రతి కుటుంబమువారును తమ యింటిలోని పాతకత్తిని, రాతిని, తోలుపట్టెను వెదకి, వాడినవారి పేరును, గ్రామమును వ్రాసి భద్రపరుపుడు. చేయి తిరిగిన వృద్ధులు మనలో మిక్కిలి కొద్దిమంది మిగిలియున్నారు. ఏటికి పదిదినములు వారిచేత యువకులకు ఈ విద్య నేర్పింపుడు. ఆ వృద్ధులకు దక్షిణగా కొంత ధనమును సంఘము కేటాయించునుగాక. 2021 ఏప్రిలు మొదలు క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తు నిచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము నిశ్చయించినపుడు మనమందరమును సంతోషించితిమి. విద్యుత్తు ప్రభుత్వ మీయగలదు. పదును మాత్రము మనవారే మనకు ఈయవలెను.

మూడవది నా స్వంత విషయము. మా నాయన రాతిని ఈ సంఘమునకు సమర్పింప నిశ్చయించితిని. కాని మా తమ్ముని కుమారుడు గడచిన దీపావళికి వచ్చి, “పెద్దనాయనా, అది నాకియ్యి, నేర్చుకుంటా” అనెను. అప్పటినుండి ప్రతి ఆదివారము మామయ్య యెదుట కూర్చుండి రాతిని చదును చేయుచున్నాడు. ఇంకను కత్తి ముట్టలేదు. కావున ఆ రాతిని ఇప్పుడు సమర్పింపలేకున్నందుకు సభ నన్ను క్షమించునుగాక. అతడు నేర్చిన పిదప మరియొకనికి నేర్పుననియే నా ఆశ. అట్లు కానిచో రాయి సంఘమునకు చేరును.

స్వస్తి.